మీకు తెలుసా? ప్రాణం లేచొచ్చే దారులు

జాతరలో తప్పిపోయిన పిల్లాడు పొద్దుగూకే వేళకి దొరికితే తల్లి నోట వచ్చే మొదటి మాట "ప్రాణం లేచొచ్చింది" అని. చీకట్లో ఏదో కదిలితే "పై ప్రాణాలు పైనే పోయాయి" అంటాం. ఊరెళ్ళాలో మానాలో తేలకపోతే "ఒక మనసు వెళ్ళమంటోంది, ఇంకో మనసు వద్దంటోంది" అంటాం. మనకివి వాడుక మాటలు. కానీ ప్రాణంలో ఒక పిసరు నిజంగానే ఒంట్లోంచి జారిపోతుందనీ, వెళ్ళి దాన్ని పిలుచుకు రావచ్చనీ నమ్మి, ఆ నమ్మకం మీదే వైద్యం కట్టుకున్న జనం ప్రపంచంలో చాలాచోట్ల ఉన్నారు. ఆ వైద్యుడికి లోకం పెట్టుకున్న పేరు షామన్. మనిషి లోపల ఒక్క మనసు కాదు, చాలా మనసులు కాపురం ఉంటాయని చెప్పే మానసిక చికిత్స ఒకటి అమెరికాలో పుట్టి నలభై ఏళ్ళు దాటింది. ఈ రెండు దారులూ ఈ మధ్య ఒకచోట కలుస్తున్నాయి. ఈసారి ముచ్చట్లన్నీ వాటి గురించే.

షామన్ ఎవరి మాట?

సైబీరియాలో రెయిన్‌డీర్లను మేపుకునే ఎవెంకీ జాతి వాళ్ళది. 17వ శతాబ్దంలో రష్యన్ల నోటి మీదుగా యూరప్ చేరింది. శిక్షగా సైబీరియాకు పంపేసిన అవ్వాకుమ్ అనే రష్యన్ మతగురువు 1670లలో రాసుకున్న ఆత్మకథలో షామన్ ప్రస్తావన ఉంది. 1692లో నికొలాస్ విట్సెన్ అనే డచ్ పెద్దమనిషి తన పుస్తకంలో షామన్ బొమ్మ అచ్చు వేయించాడు. తలమీద కొమ్ములు, చేతిలో డప్పు, కాళ్ళకు మృగానికి ఉన్నట్టు గోళ్ళు. దయ్యాల పూజారి అని దానికి పేరు కూడా పెట్టాడు. రోగి మంచం పక్కన రాత్రంతా కూర్చునే మనిషి, పరాయి కళ్ళకు అలా కనిపించాడు.

మన శ్రమణ శబ్దమే బౌద్ధం వెంట చైనా దాటి అక్కడికి చేరిందని కొందరు పండితులు అన్నారు. ఎవెంకీ భాషలోనే తెలుసుకోవడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చిందని ఇంకొందరు అంటారు. చర్చ తెగలేదు. పోలిక ముచ్చటగా ఉంది కదా అని మనదేనని ఒప్పేసుకోవడం మాత్రం నాకు నచ్చదు.

పూనకం వేరు, ప్రయాణం వేరు

సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి బోనాల మర్నాడు పచ్చికుండ మీద నిలబడి ఒకామె రంగం చెబుతుంది. అమ్మవారు ఆమె మీదికి వస్తుంది, ఆమె నోట పలుకుతుంది. దాన్ని మనం పూనకం అంటాం. షామన్ పని దీనికి ఎదురుదిశలో సాగుతుంది. అక్కడ దేవత రాదు, మనిషే వెళతాడు. శరీరం ఇక్కడే చాప మీద ఉంటుంది. ప్రాణం మాత్రం కిందిలోకానికో పైలోకానికో బయలుదేరి, ఒక పని చూసుకుని, తిరిగొస్తుంది. ఏ పని మీద వెళుతున్నాడో ముందే తెలిసి ఉండాలి. ఊరికే తిరిగి రావడానికి వెళ్ళకూడదు.

ఈ తేడాను గట్టిగా పట్టుకున్నవాడు మిర్చా ఎలియాడే. రుమేనియా ఆయన. 1928లో కలకత్తా వచ్చి సురేంద్రనాథ్ దాస్‌గుప్తా దగ్గర యోగం, దర్శనాలు చదువుకున్నాడు. షామనిజం మీద ఆయన పెద్ద పుస్తకం 1951లో ఫ్రెంచిలో వచ్చింది. ఇరవై ఏళ్ళ తర్వాత ఐ.ఎం. లూయిస్ అనే మానవశాస్త్రవేత్త, వెళ్ళడం, రావడం అని అంత గీత గీయలేమని వాదించాడు. రెండూ ఒకే మనిషిలో కనిపించే చోట్లున్నాయి. అలాంటి చోటు మన పొలిమేరలోనే ఒకటుంది. దాని సంగతి చివర్లో.

డప్పు కాదు, గుర్రం

సైబీరియాలో, మంగోలియాలో షామన్ తన డప్పును గుర్రం అంటాడు. కొన్ని జాతుల్లో అది రెయిన్‌డీర్. డప్పుపుల్ల కొరడా. దరువు మొదలైందంటే సవారీ మొదలైనట్టే. తోలు ఏ జంతువుదో ఆ జంతువు మీదే ప్రయాణం. డప్పు దగ్గరపడితే ఒళ్ళు ఎలా లేస్తుందో, జాతరలో జముకు, పంబ మోగితే కాళ్ళ కింద నేల ఎలా కదులుతుందో మన పల్లెల్లో పెరిగినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. అయితే ఈ ప్రయాణపు దరువు చిందు వేయించేది కాదు. నిమిషానికి 200 పైచిలుకు దెబ్బలు, ఒకే వేగం, ఒకే బరువు. వినేవాడు కదలకుండా పడుకుని ఉంటాడు.

ఆండ్రూ నెహర్ అనే పరిశోధకుడు 1960ల మొదట్లో, ఇలాంటి దరువుకు మెదడులోని విద్యుత్ తరంగాలు కూడా తాళం వేస్తాయని రాశాడు. అదే నిజమైతే డప్పు విన్న ప్రతివాడూ సొమ్మసిల్లాలి కదా అని 1980లో గిల్బర్ట్ రూజే అనే సంగీత పరిశోధకుడు అడ్డం తిరిగాడు. నాకు ఆయన మాటే సబబనిపిస్తుంది. చెవిలో పడే చప్పుడొక్కటే చాలదు. ఎందుకు పడుకున్నామో, పక్కన ఎవరున్నారో, ఏం జరుగుతుందని ఎదురుచూస్తున్నామో, అవన్నీ కలవాలి.

2016లో అచ్చయిన ఒక అధ్యయనం ఇంకాస్త ముందుకు వెళ్ళింది. బాగా అలవాటున్న 15 మంది సాధకులను స్కానర్‌లో పడుకోబెట్టి డప్పు వినిపించారు. లోచూపుకు సంబంధించిన మెదడు భాగాలు ఒకదానితో ఒకటి గట్టిగా ముడిపడ్డాయి. చెవి నుంచి వచ్చే దారి మాత్రం మిగతా మెదడు నుంచి కాస్త విడిపోయింది. అంటే డప్పు వింటూ వింటూ వాళ్ళు డప్పును వినడం మానేశారు. పదిహేను మంది చాలా చిన్న లెక్క, అది మరిచిపోకూడదు.

మూడు వందల ఏళ్ళ తర్వాత ఇల్లు చేరిన డప్పు

నార్వే ఉత్తరాన ఉండే సామీ జాతి వాళ్ళకు బొమ్మలు గీసిన డప్పులుండేవి. క్రైస్తవ పాలకులు వాటిని లాక్కున్నారు, చాలావాటిని తగలబెట్టారు. ఆండర్స్ పౌల్సెన్ అనే వృద్ధుడి డప్పును 1691లో పట్టుకుని, మరుసటి ఏడాది అతణ్ణి మంత్రగాడని విచారించారు. తీర్పు రాకముందే మతి చెడిన మనిషొకడు నిద్రలో అతణ్ణి గొడ్డలితో నరికి చంపాడు. డప్పు డెన్మార్క్ రాజుగారి సేకరణలోకి, అక్కడి నుంచి మ్యూజియంలోకి పోయింది. 2022లో దాని హక్కును సామీలకు తిరిగి ఇచ్చారు. ఇప్పుడది కరాష్యోక్‌లో వాళ్ళ మ్యూజియంలోనే ఉంది.

సముద్రపు తల్లికి తల దువ్వడం

ఈ విషయం మీద చదివినవాటిలో నన్ను ఎక్కువ రోజులు వెంటాడింది ఇదే. 1921 నుంచి 1924 దాకా నూడ్ రాస్ముస్సెన్ అనే యాత్రికుడు కెనడా ఉత్తరపు మంచుతీరంలో ఇనూయిట్ జనంతో కలిసి తిరిగాడు. ఆయన గ్రీన్‌లాండ్‌లో పుట్టి పెరిగినవాడు, వాళ్ళ భాష వచ్చినవాడు. ఇగ్లూలిక్ దగ్గర వాళ్ళు చెప్పింది రాసుకున్నాడు.

సముద్రం అడుగున ఒక తల్లి ఉంటుంది. ఒకప్పుడు ఆమె మామూలు ఆడపిల్ల. కన్నతండ్రే పడవలోంచి తోసేశాడు. పడవ అంచు పట్టుకుంటే వేళ్ళు నరికేశాడు. ఆ వేళ్ళే సీల్ జంతువులయ్యాయి. సముద్రంలో వేటంతా ఆమె చేతిలో ఉంది. ఊళ్ళో జనం చేసిన తప్పులు, దాచిన సంగతులు మురికిలా కిందికి దిగి ఆమె జుట్టులో చిక్కుకుంటాయి. వేళ్ళు లేవు, దువ్వుకోలేదు. కోపంతో మొహం తిప్పుకుని కూర్చుంటుంది. పైన వేట దొరకదు, పిల్లలు పస్తులుంటారు.

అప్పుడు షామన్ బయలుదేరతాడు. ఇంట్లో దీపాలు తగ్గిస్తారు. ఊరివాళ్ళు కళ్ళు మూసుకుని కూర్చుంటారు. తెర వెనక అతని ఊపిరి చప్పుడు దూరమవుతున్నట్టు వినిపిస్తుంది. దారిలో దొర్లే బండలుంటాయి, గుమ్మంలో కుక్క ఉంటుంది. భయపడితే అయిపోయినట్టే. ఆమె దగ్గరకు చేరాక అతను యుద్ధం చేయడు. భుజం పట్టుకుని మెల్లగా దీపం వైపు తిప్పి, జుట్టు నిమిరి, చిక్కు తీస్తాడు. ఆమె శాంతించి జంతువులను వదిలిపెడుతుంది.

కథ ఇక్కడితో అయిపోదు. తిరిగొచ్చిన షామన్ రొప్పుతూ కూర్చుంటాడు. అప్పుడు చీకట్లో ఊరివాళ్ళు ఒక్కొక్కరే నోరు విప్పుతారు. ఎవరికీ చెప్పకుండా దాచుకున్న గర్భస్రావం, తినకూడని రోజున తిన్న మాంసం, అన్నీ బయటపడతాయి. చిక్కు తీసింది ఒక్కడే, కానీ మురికి వదలాలంటే ఊరంతా మాట్లాడాలి. ఈ ఒక్క సంగతి, ఇప్పుడు నగరాల్లో నడిచే వారాంతపు షామన్ కోర్సుల్లో ఎవరూ నేర్పలేరు.

నగరాల్లోకి ఎలా వచ్చింది?

మైకేల్ హార్నర్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త 1950లలో ఈక్వడార్‌లోని షువార్ జాతి మధ్య, 1960–61లో పెరూలోని కోనిబో జాతి మధ్య ఉన్నాడు. అక్కడ వాళ్ళతో కలిసి అయహువాస్కా అనే తీగ కషాయం తాగాడు. తర్వాత ఆయన పట్టుకున్న ఊహ ఏమిటంటే, మత్తుపదార్థం లేకుండా డప్పుతోనే ఈ ప్రయాణం సాధ్యం. అన్ని జాతుల్లోనూ కనిపించే పద్ధతిని మాత్రం విడదీసి ఎవరికైనా నేర్పవచ్చు. 1980లో వచ్చిన ఆయన పుస్తకం ఆ విద్యను అమెరికా, యూరప్ బైఠకుగదుల్లోకి తెచ్చింది.

పద్ధతి చాలా సాదాగా ఉంటుంది. పడుకుని కళ్ళమీద గుడ్డ కప్పుకుంటారు. నేలలోకి దిగే చోటు ఒకటి గుర్తు చేసుకుంటారు. ఊరి దిగుడుబావి కావచ్చు, మర్రిచెట్టు వేళ్ళ మధ్య తొర్ర కావచ్చు, ఎప్పుడో చూసిన ఊట కావచ్చు. నిజంగా చూసిన చోటు అయితే మంచిదంటారు. అందులోంచి దిగితే సొరంగం, దాని చివర ఒక ప్రదేశం, అక్కడ తోడుగా ఒక జంతువో మనిషో. అడగాలనుకున్నది అడుగుతారు. పదీ పదిహేను నిమిషాలయ్యాక దరువు మారుతుంది. అది పిలుపు. వెళ్ళిన దారినే వెనక్కి రావాలి.

1991లో శాండ్రా ఇంగర్మన్ అనే చికిత్సకురాలు ఇందులో ఒక భాగాన్ని పుస్తకంగా రాసింది. పెద్ద దెబ్బ తగిలినప్పుడు ఆ బాధ భరించలేక మనలో ఒక ముక్క తప్పుకుంటుంది. ప్రమాదం, అవమానం, చావు, ఏదైనా కావచ్చు. షామన్ వెళ్ళి ఆ ముక్కను వెతికి తెస్తాడు. ఆమె దాన్ని ఆత్మగా చెప్పింది. మనస్తత్వ శాస్త్రం దాన్ని వేరే పేరుతో ఎప్పటినుంచో ఎరుగును. దెబ్బ తిన్న పిల్ల తనను తాను పైకప్పు నుంచి చూస్తున్నట్టు అనిపించిందని చెబితే, మానసిక వైద్యులు దాన్ని వియోజనం అంటారు.

జడుపు ఒక్క మన ఊళ్ళోదే కాదు

పిల్లాడు నిద్రలో ఉలిక్కిపడి ఏడుస్తుంటే, అన్నం మానేస్తే, మా అమ్మమ్మ జడుసుకున్నాడనేది. మంత్రం వేయించి, తాయెత్తు కట్టించేది. మెక్సికో నుంచి పెరూ దాకా ఇదే జబ్బు ఉంది. స్పానిష్‌లో సుస్తో అంటారు, అంటే భయం. ఉలిక్కిపడ్డ చోటనే ప్రాణం జారి నేలలో ఉండిపోయిందని నమ్ముతారు. వైద్యం చేసేవాళ్ళు ఆ చోటుకు వెళ్ళి పేరు పెట్టి పిలుస్తారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1994లో వేసిన గ్రంథంలో కూడా సుస్తో చేరింది.

మెక్సికోలోని ఒహాకాలో ఒక పరిశోధక బృందం సుస్తో ఉన్నవాళ్ళనూ లేనివాళ్ళనూ పక్కపక్కన పెట్టి చూసింది. సుస్తో ఉన్నామని చెప్పినవాళ్ళలో శరీర రోగాలు ఎక్కువ. ఏడేళ్ళ తర్వాత చూస్తే చావులు కూడా వాళ్ళలోనే ఎక్కువ. ఈ ఫలితాలు 1984లో పుస్తకంగా వచ్చాయి. జడుపు అనే మాటను మూఢనమ్మకమని కొట్టేసేవాళ్ళకూ, తాయెత్తుతో సరిపెట్టేసేవాళ్ళకూ ఇద్దరికీ ఇది చెప్పాలి. ఆ మాట అన్న మనిషికి నిజంగానే ఏదో అయింది. మంత్రం వేయించుకోండి, ఆ సాయంత్రమే డాక్టరు దగ్గరకూ తీసుకెళ్ళండి.

కాలిఫోర్నియాలోని మెర్సెడ్ ఊళ్ళో ఇది ఖరీదైన పాఠంగా నేర్చుకున్నారు. లావోస్ నుంచి కాందిశీకులుగా వచ్చిన హ్మాంగ్ కుటుంబంలో ఒక పసిపిల్లకు మూర్ఛ. ప్రాణం జడిసి పోయిందని అమ్మానాన్నలు, మందులు సరిగ్గా వేయడం లేదని డాక్టర్లు. ఒకరి మాట ఒకరికి చేరలేదు, పిల్ల కోలుకోలేని స్థితికి వెళ్ళింది. 1997లో ఆన్ ఫాడిమాన్ ఆ కథ రాసింది. తర్వాత ఆ ఊరి ఆసుపత్రే హ్మాంగ్ షామన్లను వార్డుల్లోకి రానిచ్చింది. మెత్తని గొంతుతో మంత్రాలు చదవడం, ప్రాణాన్ని పిలవడం, మణికట్టుకు దారం చుట్టడం, వీటికి అనుమతి ఉంది. సెలైను సీసా ఎక్కుతూనే ఉంటుంది.

తాకకుండా పురుడు

పనామాలో గునా జాతి వైద్యుడు కష్టమైన కాన్పు దగ్గర కూర్చుని గంటల తరబడి పాడతాడు. తల్లిని ముట్టడు, మందు ఇవ్వడు. గర్భం దాకా ఉండే దారిని, అక్కడ ప్రాణాన్ని పట్టుకున్న శక్తిని, దానితో జరిగే పోరును పాటలో అడుగడుగునా చెబుతాడు. 1949లో క్లాడ్ లెవీ-స్ట్రాస్ ఈ పాటను మనోవిశ్లేషణతో పోల్చి వ్యాసం రాశాడు. నొప్పికి కథ దొరికితే శరీరం దాన్ని భరించగలదన్నది ఆయన మాట. ఆ పాట భాష మామూలు గునా ఆడవాళ్ళకు అర్థం కాదని తర్వాతి పరిశోధకులు చూపించారు. వాదన సగం కూలింది. పక్కన ఒకరు గంటలపాటు కదలకుండా కూర్చోవడంలోని బలం మాత్రం కూలలేదు.

లాకర్లో పెట్టిన పుస్తకం

షామన్ లాగే లోపలికి దిగిన డాక్టరూ ఒకడున్నాడు. 1913లో కార్ల్ యూంగ్ అనే స్విస్ మానసిక వైద్యుడు రాత్రిళ్ళు కావాలనే కళ్ళు మూసుకుని లోపలికి దిగడం మొదలుపెట్టాడు. అక్కడ కనిపించిన వాళ్ళతో మాట్లాడాడు, ఆ మాటలు రాసుకున్నాడు, బొమ్మలు వేశాడు. వాళ్ళలో ఒకడు ఫిలెమోన్, ఎద్దు కొమ్ములూ లకుముకి పిట్ట రెక్కలూ ఉన్న ముసలాయన. తనకు తెలియని సంగతులు ఆ ముసలాయన చెప్పాడని యూంగ్ అనేవాడు. ఎర్ర తోలు అట్ట వేసిన ఆ పుస్తకాన్ని దగ్గరివాళ్ళు కొద్దిమందికి తప్ప ఎవరికీ చూపలేదు, కొన్నేళ్ళు బ్యాంకు లాకర్లో ఉంది, 2009లోగానీ అచ్చు కాలేదు.

ఒక ఇంట్లో చాలామంది

ఇప్పుడు రెండో దారికి వద్దాం. రిచర్డ్ ష్వార్ట్జ్ అమెరికాలో కుటుంబ చికిత్స చేసేవాడు. అంటే మొగుడూ పెళ్ళాలను, పిల్లలను ఒకచోట కూర్చోబెట్టి, ఎవరు ఎవరిని ఎందుకు అలా అంటున్నారో చూసే పని. 1980ల మొదట్లో షికాగోలో, విపరీతంగా తిని కక్కేసే జబ్బున్న అమ్మాయిలు ఆయన దగ్గరకు వచ్చేవారు. నాలో ఒకటి తినమంటుంది, ఒకటి ఛీ అంటుంది, ఒకటి ఏడుస్తుంది అనేవారు. మనం అనే "ఒక మనసు, ఇంకో మనసు" మాటే. ఇది కూడా ఒక కుటుంబమే కదా అని ఆయనకు తట్టింది.

అసలు మలుపు ఒక ఓటమి నుంచి వచ్చింది. ఒక రోగికి తనను తాను కోసుకునే అలవాటు. ఆ కోసుకునే భాగాన్ని ఆయనా ఆమే కలిసి గదమాయించి, ఈ వారం కొయ్యనని మాట ఇచ్చేదాకా వదల్లేదు. మరుసటి వారం ఆమె ముఖం మీద పెద్ద గాటుతో వచ్చింది. ఆయన చేతులెత్తేశాడు. ఇక నీతో పోట్లాడను, నువ్వు ఇలా ఎందుకు చేస్తున్నావో చెప్పు అని ఆ భాగాన్నే అడిగాడు. అది చెప్పింది. చిన్నప్పుడు ఆమెను హింసిస్తున్నప్పుడు ఆమెను శరీరం నుంచి బయటకు తప్పించింది తానేనని. ఇన్నాళ్ళూ విలన్ అనుకున్నది కాపలాదారు.

వదిలించడానికి చూస్తే ముదిరింది, అడిగితే నోరు విప్పింది. దెబ్బ తగిలినప్పుడు తప్పుకున్న ముక్క అని ఇంగర్మన్ చెప్పింది చూశారా, ష్వార్ట్జ్ ఇంకో గుమ్మంలోంచి అదే గదిలోకి వచ్చాడు. పీడ వదలాలి, దయ్యాన్ని దిగగొట్టాలి, చెడు అలవాటు తన్ని తగలెయ్యాలి అని అలవాటుపడ్డ మనకు ఈ మాట వెంటనే మింగుడు పడదు. నాకూ పడలేదు. నాలుగైదేళ్ళుగా చదువుతుంటే, చికిత్స చేసేవాళ్ళతో మాట్లాడుతుంటే మెల్లగా పడింది.

ఆయన పెట్టిన పేరు ఇంటర్నల్ ఫ్యామిలీ సిస్టమ్స్, లోపలి కుటుంబం అనుకోండి. ఊహకు ఒక మనిషిని తీసుకుందాం. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్. ప్రతి మెయిలూ నాలుగుసార్లు సరిచూసుకుంటుంది, ఒక్క తప్పు దొరికితే రెండు రోజులు తనను తాను తిట్టుకుంటుంది. అది పెత్తనం చేసే భాగం. రాత్రి రెండింటిదాకా ఫోనులో రీల్సు చూస్తుంది, ఆపలేదు. అది మంటలార్పే భాగం, లోపల ఏదో అంటుకుంటే ఏ నీళ్ళు దొరికితే అవి పోస్తుంది. ఈ రెండూ కలిసి దాచిపెడుతున్నది మూడో తరగతి పిల్లని. తెలుగు మీడియం నుంచి మారిన మొదటి రోజున ఇంగ్లీషు పాఠం చదవమంటే నిలబడి నోరు పెగలక, క్లాసంతా నవ్వితే అక్కడే ఉండిపోయిన పిల్ల. ఆ పిల్ల ఇంటి నుంచి వెలేసిన భాగం.

చికిత్సలో అడిగే ప్రశ్న ఒకటుంది. ఆ భాగం మీద నీకేమనిపిస్తోంది? చిరాగ్గా ఉందంటే, ఆ చిరాకు కూడా ఇంకో భాగమే. కాస్త పక్కకు జరగమని దాన్నే బతిమాలాలి. జాలిగా ఉంది, దాని మాట వినాలనుంది అన్నప్పుడు మాట్లాడుతున్నది ఇంటి అసలు యజమాని. ఆ యజమాని ప్రతి మనిషిలోనూ చెడిపోకుండా ఉంటాడన్నది ష్వార్ట్జ్ నమ్మకం. మన సినిమాల్లో అద్దంలోంచి అంతరాత్మ బయటికి వచ్చి హీరోని నిలదీస్తుంది. ఇక్కడ యజమాని నిలదీయడు, వింటాడు.

పిల్ల మాట పూర్తిగా విన్నాక, ఆమెను ఆ క్లాసుగదిలోంచి బయటకు తీసుకొస్తారు. మోస్తున్న బరువును ఎవరికి ఇచ్చేయాలనుందో ఆమెనే ఎంచుకోమంటారు. వెలుగుకు, నేలకు, నీటికి, గాలికి, నిప్పుకు. ఆ పిల్ల చెరువులో వదిలేస్తాననవచ్చు, మంటలో వేస్తాననవచ్చు. డప్పు సంప్రదాయాలూ ఈ చికిత్సా చేతులు కలిపిన చోటు ఇదే. లోపలికి దిగడం, ఎదురైన వాళ్ళను గౌరవంగా పలకరించడం, చిక్కుకున్న దాన్ని విడిపించి ఇంటికి తేవడం. తేడా ఒక్కటే. అక్కడ వెళ్ళేది షామన్, ఇక్కడ వెళ్ళేది రోగి. చికిత్స చేసేవారు గట్టు మీద తాడు పట్టుకుని ఉంటారు.

పని చేస్తుందా?

2013లో కీళ్ళవాతం ఉన్న 79 మంది మీద చేసిన అధ్యయనం ఒకటి అచ్చయింది. లోపలి కుటుంబం పద్ధతి నేర్చుకున్నవాళ్ళకు నొప్పీ, దిగులూ తగ్గాయి, తమ మీద తమకు దయ పెరిగింది. అది మంచి మొదలు. కానీ ఈ పద్ధతికి దొరికిన పేరుతో పోలిస్తే పరిశోధనలు ఇంకా తక్కువే. డప్పు ప్రయాణం మీద అంతకన్నా తక్కువ. అందుకే గ్యారంటీ ఇచ్చేవాళ్ళ దగ్గరకు వెళ్ళవద్దంటాను.

ఎవరి సొత్తు?

సోవియట్ పాలనలో షామన్లను జైళ్ళకు పంపారు, డప్పులు లాక్కున్నారు. తువా ప్రాంతంలో మొంగుష్ కెనిన్-లోప్సాన్ అనే పండితుడు ఆ రోజుల్లోనే ముసలి షామన్ల పాటలు, ఆచారాలు సేకరించి పెట్టాడు. 1990లలో తువాలో డప్పు మళ్ళీ బయటకు వచ్చిందంటే అందులో ఆయన చెయ్యి పెద్దది. 2022లో కన్నుమూశాడు.

అమెరికాలో 1993లో లకోటా జాతి వాళ్ళు తమ కర్మకాండలను అమ్ముకునేవాళ్ళ మీద యుద్ధం ప్రకటిస్తూ తీర్మానం చేశారు. 2009లో అరిజోనాలోని సెడోనాలో ఒక స్వయంసహాయ గురువు, మూలవాసుల ఆవిరిగుడారం తంతును డబ్బు తీసుకుని జరిపితే ముగ్గురు చనిపోయారు. ఆయన జైలుకు వెళ్ళాడు. తరతరాలుగా ఆ తంతు నడిపేవాళ్ళకు ఎప్పుడు ఆపాలో తెలుసు. కొనుక్కున్నవాళ్ళకు తెలియదు.

వెళ్ళే ముందు

భ్రమలు కనిపించే జబ్బు, మాటలు వినిపించే జబ్బు, మూర్ఛ ఉన్నవాళ్ళు డాక్టరుకు చెప్పకుండా ఈ ప్రయాణాలకు పూనుకోకూడదు. వేసుకుంటున్న మందులు ఆపకూడదు. అయహువాస్కా కషాయం, దిగులుకు వాడే కొన్ని మందులతో కలిస్తే ప్రాణం మీదికి వస్తుంది. అందులో ఉండే డీఎంటీ అనే మత్తుపదార్థం మన దేశంలో నిషిద్ధం. ప్రయాణంలో కనిపించింది నిజంగా జరిగిందనడానికి రుజువు కాదు. చిన్నప్పుడు నిన్ను ఫలానా వాళ్ళు హింసించారు, నాకు కనిపించింది అని చెప్పేవాళ్ళను అక్కడికక్కడే వదిలి రండి. అలాంటి మాటలతో కుటుంబాలు విడిపోయాయి. దిగులు భరించలేనట్టుంటే ఏ పుస్తకమూ పట్టుకోవద్దు, టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ఖర్చు లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు.

సవరల పాతాళం

ఇందాక చెప్పిన చోటు ఇదే. శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం కొండల్లో, ఆ పక్క ఒడిశాలో ఉండేవాళ్ళు సవరలు. తమను తాము సొర అంటారు. 1970ల నుంచి పియర్స్ విటెబ్‌స్కీ అనే ఆంగ్లేయ మానవశాస్త్రవేత్త ఒడిశా వైపు సొర పల్లెల్లో ఉండి, వాళ్ళ భాష నేర్చుకుని, చచ్చిపోయినవాళ్ళతో బతికున్నవాళ్ళు మాట్లాడటం విన్నాడు.

అప్పట్లో ఆయన చూసింది ఇదీ. షామన్ ఎక్కువగా ఆడమనిషి. కాళ్ళు చాపి కూర్చుని పాడుతుంది. ఆమె ప్రాణం కొండచరియల వెంట పాతాళానికి దిగుతుంది. శరీరం కొయ్యబారుతుంది. చుట్టూ ఉన్నవాళ్ళు కాళ్ళూ చేతులూ సడలిస్తారు. ఇప్పుడు ఖాళీ అయిన ఆమె నోటిలోంచి చనిపోయినవాళ్ళు ఒక్కొక్కరే మాట్లాడతారు. వెళ్ళడమూ ఉంది, రావడమూ ఉంది. ఎలియాడే, లూయిస్ తగువు ఇక్కడ తీరిపోయింది. కల్లు పోస్తారు. ఎందుకు పోయావని ఏడుస్తారు, అప్పు సంగతి అడుగుతారు, కోప్పడతారు, నవ్వుతారు. పోయినవాళ్ళు కూడా అంతే, నన్ను సరిగ్గా చూసుకోలేదని దెప్పుతారు. ఇది ఒక రోజుతో అయిపోదు, ఏళ్ళ తరబడి నడుస్తుంది. మొదట్లో తాను పోయిన జబ్బునే బతికున్నవాళ్ళకు అంటించే ఆత్మ, మాట్లాడగా మాట్లాడగా మెత్తబడి, కాపాడే పెద్దగా మారుతుంది. దాని పేరు పుట్టిన బిడ్డకు పెడతారు. చిట్టచివరికి ఆ ఆత్మ సీతాకోకచిలుక అవుతుంది.

పోయినవాళ్ళ నుంచి మనసును ఒక్కో జ్ఞాపకంగా విడదీసుకోవడమే దుఃఖం చేసే పని అని ఫ్రాయిడ్ 1917లో రాశాడు. విటెబ్‌స్కీ ఆ వ్యాసాన్ని సొరల పక్కన పెట్టి చూశాడు. సొరలు విడదీసుకోరు, మాట్లాడుతూ మారుస్తారు. మనలో ఎంతమందికి అమ్మతో, నాన్నతో ఆఖరి మాట మిగిలిపోయిందో లెక్క తీస్తే, ఈ పద్ధతి విలువ తెలుస్తుంది.

సవర భాషకు మొదట వ్యాకరణం, నిఘంటువు కట్టినవాడు మన గిడుగు రామమూర్తి. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవర నేర్చుకున్నాడు, వాళ్ళ పిల్లలకు బడులు పెట్టాడు. ఆ కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైను మింగి చెవులు పోగొట్టుకున్నాడని చెబుతారు. వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చాయి. విటెబ్‌స్కీ 2017లో రాసిన పుస్తకం ప్రకారం, ఆయన పనిచేసిన పల్లెల్లో కొత్త తరం చాలామటుకు బాప్టిస్టులైపోయింది. పోయినవాళ్ళతో ఇక మాట్లాడటం లేదు.

ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం, గిడుగు పుట్టినరోజని. సీతంపేట వైపు ఉన్న ఉపాధ్యాయులకు, నర్సమ్మలకు, అక్కడి సవర పిల్లలకు ఒక విన్నపం. పాతాళానికి దిగే పాట వచ్చిన ముసలమ్మ మీ ఎరుకలో ఉంటే, ముందు ఆమె అనుమతి అడగండి. ఆమె సరేనంటే ఫోనులో రికార్డు చేసి, ఆమె మనవల చేతికే ఇవ్వండి.